మొదటి నుంచి వాయించు

“పిల్ల గుండె ఆగిపోతే ఎవరిది పూచీ?” అన్నాను.

అప్పటికింకా ఏమీ జరగలేదు. మా అమ్మాయి దుర్రా డాబా మెట్ల దగ్గర చెప్పులు విప్పుతోంది, అంతే.

“పంతొమ్మిదేళ్ళ పిల్ల, ఇరవై మూడు మెట్లు. గుండె ఎందుకు ఆగుతుంది నజీహాగారూ?” అంది మదామ్ నైలా.

“ఎదురింటివాళ్ళ కోడలు ఇరవై రెండేళ్ళకే పోయింది.”

“మెట్లెక్కా?”

“జ్వరమొచ్చి. అయినా పోయిందా లేదా?”

ఆవిడ నవ్వలేదు. నవ్వి ఉంటే బావుండేది. తిట్టుకోవడానికి నాకో వంక దొరికేది.

“మూడుసార్లు ఎక్కి దిగు దుర్రా. దిగీ దిగగానే కానూన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చో. ఊపిరి సర్దుకునేదాకా ఆగొద్దు. వాయించేది ఒక్కసారే. తప్పు పడితే పడనీ, వెనక్కి మాత్రం వెళ్ళకు.”

కానూన్ అంటే కొమ్ముగోళ్ళతో మీటే తీగల వాద్యం, దానికీ మెట్లకీ ఏం సంబంధం? ఇదీ ఆవిడగారి చదువు. ఒకప్పుడు వేదికమీద వయొలిన్ వాయించేదట. చేతులు వణికి వణికి మానేసిందట. తర్వాత ఎక్కడికో పోయి, వాయించేవాళ్ళకి వణుకు ఎందుకొస్తుందో చదువుకొచ్చి, ఇప్పుడు ఊళ్ళో పిల్లలకి చెబుతోంది. సొంత వణుకు పోగొట్టుకోలేని మనిషి పక్కవాళ్ళ వణుకు పోగొడుతుందట! పైగా మా ఇంటి టీ తాగి, అందులో వేసిన పైన్ గింజలు గ్లాసు అడుగున వదిలేస్తుంది. గింజలు వదిలేసే మనిషిని నేను నమ్మను.

అయినా పిలిచింది నేనే. ఎవర్ని తిట్టుకోను?

దుర్రా మెట్లెక్కింది. దాని పాదాల చప్పుడు నా నెత్తిమీద పడుతూనే ఉంది. ఒకటోసారి. రెండోసారి. పై మెట్టు అంచు విరిగి ఉంది, పోయిన వానాకాలం నుంచి బాగుచేయించమని మా ఆయనతో మొత్తుకుంటున్నాను. అక్కడ జారితే మణికట్టు. మణికట్టు పోతే గురువారం. గురువారం పోతే ఇక జీవితమే.

గురువారం పొద్దున పదింటికి ఊళ్ళో సంగీతశాలలో ఆడవాళ్ళ బృందంలోకి తీసుకోడానికి దుర్రాని రెండోసారి వింటారు. ఒక్కటే చోటు ఉంది. మొదటిసారి విన్నది తొమ్మిది రోజుల కిందట. నేను గుమ్మం బయట కూర్చుని వింటూనే ఉన్నాను. ఇస్తిఖ్బార్ మొదలుపెట్టింది. పాటకు ముందు తాళం లేకుండా సొంతంగా వాయించే ఆలాపన అది. వెన్నలా సాగింది. లోపలున్న పెద్దాయన ఆపి, “బావుందమ్మా. ఆ రెండో మలుపు ఉంది చూడు, అక్కడినుంచి మళ్ళీ ఒకసారి వాయించు,” అన్నాడు.

దుర్రా మొదటి నుంచి మొదలుపెట్టింది.

“మొదటి నుంచి కాదమ్మా, మధ్యలోంచి.”

మళ్ళీ మొదటి నుంచే. మూడోసారీ అంతే. తర్వాత తీగలమీద గోళ్ళు టకటకా కొట్టుకున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. పిల్ల బయటికొచ్చింది. వేలికి ఉండాల్సిన ఉంగరం లేదు, ఉంగరంలో గుచ్చిన, తీగ మీటే కొమ్ముగోరూ లేదు. లోపల ఎక్కడో పడేసుకుని వచ్చింది.

ఇప్పుడు మూడోసారి మెట్లు దిగింది. ముఖం ఎర్రగా కందిపోయింది. తొడలమీద కానూన్ పెట్టుకుంది. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

“నీళ్ళు తాగనివ్వండి కనీసం!”

“గురువారం నీళ్ళిస్తారా?” అంది నైలా. “అక్కడ భయంతో కొట్టుకునే గుండె, ఇక్కడ మెట్లెక్కి కొట్టుకునే గుండె, చేతులకి రెండూ ఒకటే. ఈ గుండెతో వాయించడం చేతులకి ఇక్కడే అలవాటవ్వాలి.”

వాయించింది. అబ్బ, ఏం వాయింపు! మేకల మంద తీగలమీద నడిచినట్టు. మూడో మలుపు దగ్గర తప్పు పడింది. చెయ్యి దానంతటదే పైకి లేచింది, మొదటి తీగ వైపు. ఏడేళ్ళ అలవాటు అది. తప్పు పడితే మళ్ళీ మొదటికి.

“ముందుకి,” అంది నైలా.

చెయ్యి గాల్లో ఆగింది.  తర్వాత ముందుకే పోయింది. వంకరగా, తడబడుతూ, ఎక్కడెక్కడో గుచ్చుకుంటూ, చివరిదాకా పోయింది.

నేను వంటింటి గుమ్మంలో పిండి చేతులతో నిలబడి ఉన్నాను. ఏడేళ్ళుగా ఈ ఇంట్లో ఇదే వాయింపు పొద్దుటినుంచీ సాయంత్రందాకా వింటున్నదాన్ని. మొదలు నాకు నిద్రలో కూడా వస్తుంది. చివర ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదని అప్పుడు తెలిసింది. దానికి నేర్పే మా బావగారు ఎప్పుడూ అక్కడిదాకా పోనివ్వలేదు.

“ఛీ,” అంది దుర్రా. “దరిద్రంగా ఉంది.”

“ఉంది,” అంది నైలా. “కానీ పూర్తయింది. నిన్న పూర్తి కాలేదు.”

“నిన్న ఎనిమిది గంటలు వాయించింది పాపం,” అన్నాను నేను, ఎవరిమీద కోపమో తెలీకుండా.

“ఎనిమిది గంటలూ మొదటి భాగమే వాయించింది నజీహాగారూ. అది వచ్చిందే కదా? వచ్చినదాన్ని వెయ్యిసార్లు తోమి, రానిదాన్ని వదిలేస్తే అది సాధనెలా అవుతుంది? మీరేం చేస్తున్నారు లోపల?”

“గుడ్డు పెట్టి వేయించే బ్రిక్‌లకి పిండి రేకులు.”

“పెనంమీద రేకు చిరిగిందనుకోండి. పిండి పారబోసి మళ్ళీ మొదటినుంచి కలుపుతారా?”

“అంత బుద్ధిలేనిది ఎవతె ఉంటుంది? చిరిగినచోట ఇంకో మెత్తు మెత్తి, తీసి పక్కన పెడతాను.”

ఆవిడ నావైపు చూసి ఊరుకుంది. అలా చూసి ఊరుకునే మనుషులంటే నాకు ఒళ్ళు మంట. మాట నా చేతే అనిపించి, తను ఏమీ అననట్టు కూర్చుంది. ఆరో తరగతితో ఆగిపోయినదాన్ని కదా అని లోకువ.

తర్వాత టీ గ్లాసు తెప్పించి, అందులో చీటీలు వేసింది. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు. ఇస్తిఖ్బార్‌ని తొమ్మిది ముక్కలు చేశారట. ఏ చీటీ వస్తే ఆ ముక్కనుంచి వాయించాలి. దుర్రా నాలుగు తీసింది, కళ్ళు మూసుకుంది, తడుముకుంది, వాయించింది. ఎనిమిది తీసింది. రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. సగం వచ్చింది. పిల్ల పెదవి చివర చిన్నగా వంకర తిరగడం చూశాను. తొమ్మిది రోజుల్లో మొదటిసారి.

“ఈ తీగ శ్రుతి దిగింది,” అంది దుర్రా. “ఆదివారం నుంచీ దిగే ఉంది.”

“మరి ఎక్కించు.”

“శ్రుతి తాళంచెవి పెదనాన్న కోటు జేబులో ఉంటుంది.”

నైలా దుర్రా ముఖంలోకి చూసింది. “ఏడేళ్ళుగా?”

“ఆడపిల్ల చెవిమీద శ్రుతి వదలకూడదని...” అని నేనే అందుకున్నాను. ఎందుకందుకున్నానో తెలీదు. ఆయన లేనప్పుడు కూడా ఆయన మాట నా నోట్లోంచి వస్తుంది.

ఆవిడ సంచిలోంచి ఒక శ్రుతి తాళంచెవి తీసి దుర్రా అరచేతిలో పెట్టింది. పిల్ల దాన్ని వేడి పెనం ముట్టుకున్నట్టు పట్టుకుంది.

“తీగ తెగితే?” అన్నాను. “తెగి కంట్లో పడితే?”

ఎవరూ పట్టించుకోలేదు. దుర్రా తన చెవిని కానూన్ కర్రకి ఆనించి, తాళంచెవి తిప్పింది. ఎక్కువ తిప్పింది. వదిలింది. మళ్ళీ తిప్పింది. ఒక్క స్వరానికి ఉన్న మూడు తీగలూ ఒకటయ్యేదాకా చాలాసేపు పట్టింది. అంతసేపూ నా కళ్ళు వీధి తలుపుమీదే ఉన్నాయి.

తలుపు చప్పుడైంది.

అందరూ గౌరవంగా సీ తిజానీ అని పిలిచే మా బావగారు. వెనకాల మా ఆయన మొఖ్తార్. టోపీల బజారు నుంచి భోజనానికి వచ్చారు ఇద్దరూ. మా ఆయన ఎర్రటోపీలకి ఉన్ని దువ్వుతాడు, కనుబొమల మీద కూడా ఎర్రటి నూగు. ఒకప్పుడు తనూ అన్నగారి దగ్గర కానూన్ నేర్చుకున్నాడట. నా పెళ్ళినాటికే మానేశాడు. అన్నగారు పక్కనుంటే మా ఆయన మనిషి కాదు, గొడుగు. ఆయన తెరిస్తే తెరుచుకుంటాడు, మూస్తే మూసుకుంటాడు.

బావగారు లోపలికి రెండడుగులు వేసి ఆగారు. దుర్రా చివరగా మీటిన స్వరం ఇంకా మోగుతోంది.

“దీన్ని ఎవరు ముట్టుకున్నారు?”

ఒక్క స్వరం! అరవై ఒక్కేళ్ళ చెవి అది. దానికి మాత్రం దండం పెట్టాలి.

“నేనే చెప్పాను, సీ తిజానీ,” అంది నైలా. “గురువారం తీగ దిగితే తనే సర్దుకోవాలి కదా.”

“గురువారం నేనుంటాను. శ్రుతి నేను చేస్తాను. స్వరం మార్చే ఇత్తడి రెక్కలు నేను సర్దుతాను. మొదటి వరసలో ఎదురుగా కూర్చుంటాను. ఏడేళ్ళుగా నా ముఖం చూస్తూ వాయించిన పిల్ల.”

“పోయినసారి మీ ముఖం లేదు. అందుకే ఆగిపోయిందేమో.”

“పోయినసారి సాధన చాలక ఆగిపోయింది!” గ్లాసులో చీటీలు చూశారు. “ఇదేంటి? లాటరీయా? డాబామీద పరుగులని కూడా విన్నాను. ఈ రోజుల్లో కానూన్ కాళ్ళతో వాయిస్తున్నారన్నమాట.”

మా ఆయన నవ్వాడు. అన్నగారు జోకు వేస్తే నవ్వాలి కదా. వేలెడంత నవ్వు నవ్వి, నా ముఖం చూసి మింగేశాడు.

“కాళ్ళతో కాదు,” అంది నైలా. “కానీ ఒక మాట అడుగుతాను. ఇస్తిఖ్బార్ అంటే ఎవరి చేతిలో వాళ్ళకి అప్పటికప్పుడు పుట్టేది కదా. ఈ పిల్ల మీ ఇస్తిఖ్బార్‌ని స్వరం స్వరం బట్టీపట్టింది. మీరు ఎవరిది బట్టీపట్టారు?”

“మా గురువుగారిది. అప్పటికప్పుడే పుట్టింది, ఆయన చేతిలో. ఒకసారి పుట్టినదాన్ని మళ్ళీ మళ్ళీ కంటారా ఎవరైనా?”

“బావగారూ, భోజనం...” అన్నాను.

“ఉండవమ్మా నజీహా. నీ రేకులెక్కడికీ పోవు. ఈవిడగారిని నువ్వేనా పిలిచింది?”

 నేను కాదని చెప్పేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. మా ఆయన్ని గొడుగన్న నోటితోనే.

“నేనే,” అంది దుర్రా, కానూన్ మీంచి తలెత్తకుండా.

అది అబద్ధం. నా కోసం చెప్పిన అబద్ధం. సిగ్గుతో చచ్చిపోయి, అయినా నోరు మూసుకునే ఉన్నాను.

“అలాగా.” ఆయన మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని పీటమీద కూర్చున్నారు. “నాలుగు వేల పెళ్ళిళ్ళలో వాయించాను మదామ్. ఒక్కదాంట్లో ఆగలేదు. నా చెయ్యి వణకలేదు. మీ చెయ్యి వణికిందట కదా? వణికిన చెయ్యి వచ్చి నా తమ్ముడి ఇంట్లో పాఠం చెబుతోంది!”

“వణికింది,” అంది ఆవిడ. గొంతు ఏమీ మారలేదు. “మీరొక చీటీ తీయండి, సీ తిజానీ.”

“ఏంటి?”

“ఒక్కటి. ఆటలాగే. మీకు రానిదేముంది అందులో?”

ఆవిడ ఎంత పొగరుబోతో అప్పుడు పూర్తిగా అర్థమైంది నాకు. గురువుగారిని ఆయన శిష్యురాలి ముందు! పళ్ళెం విసిరి బయటికి నెట్టాలనిపించింది. కానీ నా కాళ్ళు కదల్లేదు. ఏం జరుగుతుందో చూడాలనుంది నాకు. దేవుడు క్షమించాలి, చాలా చూడాలనుంది.

బావగారు అసహ్యంగా, రెండు వేళ్ళతో, ఈగని తీసినట్టు చీటీ తీశారు. ఆరు.

దుర్రా లేచి కానూన్ ఆయన తొడలమీద పెట్టింది. ఆయన సొంత ఉంగరాలు జేబులోనే ఉంటాయి. తొడుక్కున్నారు. కొమ్ముగోళ్ళు సరిచేసుకున్నారు. కళ్ళు మూసుకుని మీటారు.

మొదటి నుంచి.

“ఆరో ముక్క,” అంది నైలా మెల్లిగా.

“తెలుసు!” చేతులు ఎత్తారు. మళ్ళీ మీటారు. మళ్ళీ మొదటి స్వరాలే వచ్చాయి. తనే ఆపుకున్నారు.

ఈసారి మీటలేదు. వేళ్ళు తీగలకి అంగుళం పైన గాల్లో కదిలాయి, పెదవులు కదిలాయి. లోపల్లోపల మొదటినుంచి వాయించుకుంటూ వస్తున్నారు ఆరోదాకా. ఆ దారిన తప్ప ఇంకో దారిన ఆయన అక్కడికి రాలేరు. మేమందరం ఆ గాలివాయింపు చూస్తూ నిలబడ్డాం. ఎంతసేపో. మధ్యలో ఎక్కడో లెక్క తప్పారు. వేళ్ళు ఆగిపోయాయి.

ఆయన నుదుటిమీద చెమట పట్టింది. మెట్లెక్కకుండానే.

నాకు నవ్వు రావాల్సింది. ఏడేళ్ళు నా పిల్లని, “గాడిదా, మళ్ళీ మొదటినుంచి,” అని ఏడిపించిన మనిషి. నవ్వు రాలేదు. ఆ పెద్ద చేతులు తీగలమీద దిక్కుతోచకుండా పడి ఉంటే, ఒక తువ్వాలు తెచ్చి కప్పేద్దామనిపించింది.

“ఇది మీ తప్పు కాదు, సీ తిజానీ. మీకు అలాగే నేర్పారు...” అని మొదలుపెట్టింది నైలా.

జాలి! ఆ జాలే కొంప ముంచింది. తిట్టి ఉంటే ఆయన తట్టుకునేవారు.

ఉంగరాలు ఒక్కొక్కటే తీశారు. జేబులో వేసుకున్నారు. కానూన్‌ని గోడకి ఆనించారు. చంటిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా ఆనించారు. కోపమొస్తే విసిరేసే మనిషి ఆయన. జాగ్రత్తగా పెట్టారంటే అది కోపం కాదు.

“మొఖ్తార్,” అన్నారు, తమ్ముడివైపు చూడకుండా. “ఈ కానూన్ ఎవరిది?”

“నీదే అన్నయ్యా,” అన్నాడు మా ఆయన. ఆ మాటకి మాత్రం ఆలస్యం లేదు.

“దుర్రా. ఇటు చూడు.”

పిల్ల చూసింది.

“గురువారం నేను వస్తాను. శ్రుతి నాది, రెక్కలు నావి. నువ్వు నేను నేర్పింది నేర్పినట్టు, మొదటినుంచి వాయిస్తావు. ఈవిడ ఈ గుమ్మం మళ్ళీ తొక్కదు. అలా అయితే కానూన్ ఇక్కడే ఉంటుంది. కాదంటావా, ఇప్పుడే బండి పిలిచి తీసుకెళ్తాను. ఏదో ఒకటి చెప్పు.”

“బావగారూ, మధ్యలో ఒక్కరోజే ఉంది!” అన్నాను. “ఎక్కడినుంచి తెస్తాం ఇంకోటి? దాని చేతులకి ఇదే అలవాటు. అది మీరు చెప్పినట్టే వాయిస్తుంది, నేను చెబుతాను దానికి...”

“నిన్నడగలేదు.”

నైలా నోరు తెరిచింది. దుర్రా ఆవిడవైపు చూడనైనా చూడకుండా చెయ్యెత్తి ఆపింది.

మా ఆయన టోపీ తీసి, నూగు దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు. లోపల పెనంమీద రేకు మాడుతున్న వాసన వస్తోంది. వెళ్ళి దించాలి. దించలేదు. పక్కవీధిలో గ్యాస్ అమ్మేవాడెవడో బండమీద స్పానర్‌తో కొట్టుకుంటూ పోతున్నాడు. ఆ చప్పుడు మలుపు తిరిగేదాకా వినబడింది. 

నేను మనసులోనే అన్నీ చూసేశాను. పిల్ల ఏడుస్తుంది. ఆయన పట్టుకుపోతారు. గురువారం పదింటికి ఉత్త చేతులతో కూర్చుంటుంది. లేదా ఆయన కాళ్ళు పట్టుకుంటుంది. వెళ్తుంది. పెద్దాయన మళ్ళీ మధ్యలోంచి అడుగుతాడు. మళ్ళీ ఆగిపోతుంది. ఈసారి బయటికొచ్చాక ఇంక ఎప్పటికీ ముట్టుకోదు. రెండు దారుల్లోనూ నా పిల్ల పోయింది. ఏ దారిన పోతే తక్కువ పోతుందో తేలక నిలబడిపోయాను.

బావగారు లేచారు. కూర్చున్నారు. మళ్ళీ లేచారు. దుర్రా కదల్లేదు. దాని కుడిచేతి వేలికి ఉంగరం నొక్కుకున్న గుర్తు తెల్లగా ఉంది, ఎడమచేత్తో దాన్నే రుద్దుకుంటోంది.

“చెప్పవే,” అన్నారు ఆయన. మొదటిసారి ఆయన గొంతులో అడుక్కోవడం లాంటిదేదో వినబడింది నాకు.

దుర్రా వేలు రుద్దుకోవడం ఆపి, నైలా ఇచ్చిన తాళంచెవిని గుప్పిట్లో బిగించింది.

“తీసుకెళ్ళండి, పెదనాన్నా,” అంది దుర్రా. “దాని సంచి తలుపు వెనకాల ఉంది.”